రెండు కొలతల పొగగొట్టం

మా ఊరి జీపు పాత పెట్రోలు మహీంద్రా. మా తమ్ముడు నడుపుతాడు. సంతకి చింతపండు బుట్టలు, కొండచీపుర్ల కట్టలు మోసేది అదే. 108 బండి మా ఊరి దాకా రాదు, వాగు అవతలే ఆగిపోతుంది. నొప్పులు పడే ఆడమనిషిని అక్కడి దాకా చేర్చేదీ అదే. అంగన్‌వాడీ బియ్యం, బడి పుస్తకాలు, ఓటింగ్ మిషన్లు, పెళ్లికూతురు, ఆసుపత్రి నుంచి వెనక్కి వచ్చే శవం, అన్నీ ఎక్కిన బండి అది. కాబట్టి ఒక టీచరు పొగగొట్టం గురించి ఇంత పొడుగు వ్యాసం రాసిందేమిటని నవ్వకండి.

ఈ జాతి బండ్ల కథ 1941లో అమెరికా సైన్యం కోసం చేసిన విల్లీస్ జీపుతో మొదలైంది. మనకి స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా వాళ్లు వాటి భాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. రోడ్డు లేనిచోట కూడా పోతుంది కాబట్టి అడవి ఊళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు. మా జీపు ఒక ప్రభుత్వ శాఖ వేలం వేస్తే మా నాన్న కొన్నాడు. ఇలాంటి పెట్రోలు జీపుల్లో చాలావాటికి తర్వాత డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. మా వాళ్లకి డబ్బు కుదరక పెట్రోలుదే ఉండిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇంజన్లో కాలిన పొగ బయటికి వచ్చేచోట పోత ఇనుముతో చేసిన మ్యానిఫోల్డ్ ఉంటుంది. బాగా కాగుతుంది. కాగిన పోత ఇనుము మీద చల్లని నీళ్లు పడితే ఏమవుతుందో మన వంటింట్లో అందరికీ తెలుసు, పొయ్యి మీది పెనం మీద ఎవరూ చెంబెడు నీళ్లు కుమ్మరించరు. కానీ జీపు చేసేది రోజూ అదే పని. ఘాట్ రోడ్డు ఎక్కి ఎర్రగా కాగి వస్తుంది, దిగీదిగగానే వాగులో పడుతుంది. ఒక వానాకాలం మా మ్యానిఫోల్డ్ పగిలింది. వెల్డింగ్ పెట్టించారు. పోత ఇనుముకి వెల్డింగ్ మామూలు పద్ధతిలో నిలవదు. దాన్ని ముందు మెల్లగా వేడిచెయ్యాలి, నికెల్ రాడ్డు వాడాలి, తర్వాత బూడిదలో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. అవేమీ జరగలేదు. నెల తిరక్కుండా పాత అతుకు పక్కనే కొత్త బీట వచ్చింది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఇంకొక మ్యానిఫోల్డ్ కూడా పగిలిందే.

అప్పుడు మా తమ్ముడు హెడర్ తెప్పించాడు. పంజాబ్ వైపు పాత జీపులకి సామాన్లు తయారుచేసే పట్నాలున్నాయి, డబ్వాలీ అనే ఊరు అందుకు బాగా పేరుపడింది. అక్కడ చేసిందే అని చెప్పి అమ్మారు. పోత ఇనుప ముద్ద బదులు ఉక్కు గొట్టాలు ఇంజను నుంచి విడివిడిగా వచ్చి ఒకచోట కలుస్తాయి. ఒక సిలిండరు పొగ ఇంకొకదాని పొగకి అడ్డం పడదు కాబట్టి పందేల బండ్లకి మంచిదంటారు. ఘాట్‌లో గంటకి 20 కిలోమీటర్లు పోయే మా జీపుకి ఆ లాభం ఎంతో నాకు తెలియంది కాదు. అసలు సంగతి శబ్దం. మా వాడికి ఆ గుడగుడ నచ్చింది. పాత మ్యానిఫోల్డ్ మంచిది దొరికి ఉంటే అదే మేలు అని నేను ఇప్పటికీ అంటాను, ఎందుకంటే హెడర్ పలచన, త్వరగా తుప్పు పడుతుంది. కానీ దొరకలేదు కదా. దొరికినదానితోనే బతకాలి.

హెడర్ ఇంజనుకి బాగానే కూర్చుంది. చిక్కు కింది చివర వచ్చింది. హెడర్ మూతి పెద్దది, కింద ఉన్న పాత సైలెన్సర్ గొట్టం చిన్నది.

పట్నంలో ఒక షెడ్డులో దీనికి చేసిన వైద్యం ఇది: పాత గొట్టం మూతిని బలవంతంగా వెడల్పు చేశారు, అది నాలుగు చోట్ల చీలింది, దాన్నే హెడర్ మూతి మీదికి తొడిగి చీలికల మీద వెల్డింగ్ పూశారు, పైన ఆస్బెస్టాస్ తాడు చుట్టి కనపడకుండా చేశారు. డబ్బు తీసుకున్నారు. రెండు వారాలు నడిచింది. ఆ తర్వాత తాడు కింద అతుకు వదిలిపోయింది, తాడు ఉండటం వల్ల ఎవరికీ కనపడలేదు. జీపు అడుగు రేకుకి తుప్పు పట్టి ఎక్కడెక్కడ చిల్లులున్నాయో అవి సరిగ్గా దానికి పైనే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే సికిల్ సెల్ పరీక్షల కోసం మా బడి పిల్లల్ని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. 2023 జులై 1న దేశమంతటికీ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మా ప్రాంతంలో కూడా ఈ పరీక్షల మాట ఎక్కువగా వినపడుతోంది. మొదటి పరీక్షలో అనుమానం వచ్చిన పిల్లలకి రెండోసారి చేస్తారు. వాన పడుతోంది. వెనక టార్పాలిన్ పరదాలు దించి తాళ్లు కట్టేశారు. నేను ముందు సీట్లో ఉన్నాను, పక్క తలుపు లేదు, గాలీ జల్లూ కొడుతున్నాయి. సగం దారిలో వెనక పిల్లలు వాంతులు మొదలుపెట్టారు. ఘాట్ మలుపులకి అనుకున్నారు అందరూ. ఒక ముసలమ్మ గాలి సోకిందంది. నాకు వింతగా తోచింది ఏమిటంటే, రోజూ ఇదే దారిలో పోయే పిల్లలు కూడా తలనొప్పి అంటున్నారు, ముందు కూర్చున్న మాకెవరికీ ఏమీ లేదు. జీపు ఆపించి పరదాలు ఎత్తించాను. పిల్లల్ని దింపి ఒక బండరాయి మీద గాలికి కూర్చోబెట్టాను. కాసేపటికి తేరుకున్నారు. మిగతా దారంతా పరదాలు ఎత్తే పోయాం, తడుస్తూ. ఆసుపత్రిలో డాక్టరు గారికి చెబితే, మీ బండి పొగ చూపించుకోండమ్మా అన్నారు.

ముసలమ్మ మాట ఒక రకంగా నిజమే, గాలే సోకింది. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ డీజిల్ పొగలో కన్నా చాలా ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది హిమోగ్లోబిన్. ఈ వాయువు దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న చోటు త్వరగా ఖాళీ చెయ్యదు. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వాంతి, తర్వాత మగత, ఇంకా పీలిస్తే ప్రాణమే పోతుంది. మన ఊళ్లలో రక్తహీనత లేని ఇల్లు వెతుక్కోవాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉన్నారు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఉన్నారు. రక్తంలో సత్తువ ముందే తక్కువైన వాళ్లకి ఈ పొగ తొందరగా ఎక్కుతుంది. జీపు ఎక్కించేదేమో ముఖ్యంగా వాళ్లనే.

అందుకే ఆ వారం ఆదివారం నేను కూడా వెల్డింగ్ షెడ్డుకి పోయాను. ఈసారి మా మండల కేంద్రంలో ఉన్న పెద్దాయన దగ్గరికి. మా తమ్ముడూ, మా అన్న కొడుకూ వచ్చారు. అల్లుడు పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్నాడు. జీపు కిందే పడుకుని ఉంటాడు ఎప్పుడూ. వాడి చేతికి స్పానర్లు ఎంత అలవాటో వాడి కంటికి లెక్కల పుస్తకం అంత పగ.

ఆస్బెస్టాస్ తాడు విప్పే ముందు దాన్ని నీళ్లతో బాగా తడిపించాను. పొడిగా విప్పితే కంటికి కనపడని నూగు లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. ముక్కుకి గుడ్డలు కట్టుకుని విప్పి, సంచిలో మూటకట్టేశాం. షెడ్డుల్లో పనిచేసే పిల్లలు ఈ తాడుని కొరికి తెంపడం చూశాను. అలా చెయ్యొద్దు, తాడే వాడొద్దు.

ఇప్పుడు ఏం చెయ్యాలి అన్నదాని మీద ముగ్గురిదీ మూడు మాటలు. మా తమ్ముడు కింద గొట్టం మొత్తం తీసేసి హెడర్ సైజువే కొత్తవి వేద్దామన్నాడు. అలా చేస్తే సైలెన్సర్ కూడా మార్చాలి, అంత డబ్బు లేదు. పెద్దాయన మధ్యలో ఒక రేకు బిళ్ల పెట్టి, దానికి చిన్న చిల్లు పెట్టి, అటొక గొట్టం ఇటొక గొట్టం అతికిస్తానన్నాడు. పది నిమిషాల పని. కానీ పెద్ద గొట్టంలోంచి ఊపుగా వచ్చే పొగ ఆ బిళ్లకి గోడకి తగిలినట్టు తగులుతుంది, పొగ వెనక్కి తన్నితే ఇంజను ఊపిరాడక మూలుగుతుంది. అల్లుడు ఏమీ అనలేదు. చీలిన గొట్టం మూతిని వేలితో తడిమి, “తాత నీళ్లు తెచ్చినట్టు చెయ్యాలి అత్తా” అన్నాడు.

వాడు ఏమంటున్నాడో మా ముగ్గురికీ తెలుసు, పెద్దాయనకి తెలియలేదు. మా నాన్న కొండ ఊట నుంచి పొలం దగ్గరికి వెదురు గొట్టాల్లో నీళ్లు తెచ్చేవాడు. వెదురు మొదలు లావు, కొస సన్నం. లోపలి కణుపులు పొడిచేసి, మొదలు ఊట వైపు, కొస పొలం వైపు పెట్టి, ఒకదాని కొసని తర్వాతదాని మొదట్లోకి దూరుస్తాడు. పైనుంచి వచ్చేది లోపల ఉండాలి, కిందికి పోయేది దాని మీద ఉండాలి. తిరగేసి తొడిగితే ప్రతి అతుకు దగ్గరా నీరు బయటికే వస్తుంది. గట్టిగా బిగించడు కూడా. కాస్త వదులుగా దూర్చి నారతో కడతాడు, ఎండకి వెదురు ఆరినా వానకి ఉబ్బినా అతుకు చీలకుండా. పొగ కూడా నీళ్లలాగే దారి వెతుక్కుంటుంది. పట్నం షెడ్డులో చేసింది దీనికి సరిగ్గా సగం. పైది లోపల, కిందిది పైన అన్నది కుదిరింది కానీ, చిన్నదాన్ని చీల్చి పెద్దది చేశారు. వెదురుని ఎవరూ చీల్చి తొడగరు. కొస సన్నగా ఉన్నదాన్నే ఏరుకుంటారు.

అంటే మనకి కావాల్సింది ఒక చివర హెడర్ అంత లావు, ఇంకొక చివర పాత గొట్టం అంత సన్నం ఉన్న మూడో ముక్క. వెదురు దాన్ని తనంతట తానే పెంచి ఇస్తుంది. ఇనుముకి మనం కొలిచి కొయ్యాలి.

షెడ్డులో వెర్నియర్ లేదు. ఉన్న టేపు మొదటి అంగుళం అరిగిపోయి ఉంది. గొట్టం అడ్డంగా టేపు పెట్టి చూస్తే ఒకరికి 40 మిల్లీమీటర్లు, ఇంకొకరికి 43. నేను నా సంచిలోంచి దారం తీశాను. డి.ఎడ్. చదివేటప్పుడు గాజు చుట్టూ దారం చుట్టి చుట్టుకొలత చూపించే బోధనోపకరణం చేయించేవారు మాతో. మార్కులకి చేశాం, మర్చిపోయాం. నేను ప్రైమరీ టీచర్ని, ఆ పాఠం నా తరగతుల్లో రాదు. అయినా గొట్టానికి దారం చాలా మంచి కొలబద్ద. అడ్డుకొలతలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే చుట్టుకొలతలో అది మూడు మిల్లీమీటర్ల పైచిలుకు అవుతుంది, అంటే కంటికి పట్టుబడుతుంది. సాగని దారం కావాలి, నైలానుది వద్దు. ఒక చుట్టు తిప్పి కలిసిన చోట బ్లేడుతో తెంపి, దారాన్ని స్కేలు మీద పరవాలి.

పాత గొట్టం చుట్టూ దారం 130 మిల్లీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే 41.4. అది అంగుళాల్లో ఒకటింపావు కాదు, ఒకటిన్నర కాదు, ఒకటీ అయిదు బై ఎనిమిది. పాత బండ్లన్నీ అంగుళాల్లో పుట్టినవి. హెడర్ చుట్టూ 160. భాగిస్తే 51 కొద్దిగా తక్కువ, అంటే రెండంగుళాలు. పెద్దాయన “టీచరమ్మా, కంటితో చూస్తే తెలియదా” అన్నాడు. రెండంగుళాలని ఆయన కంటితోనే చెప్పాడు, ఒప్పుకోవాలి. చిన్నది మాత్రం ఒకటిన్నర అన్నాడు. ఆ అంగుళంలో ఎనిమిదో వంతు తేడానే వేసవిలో ఒక అతుకునీ వానాకాలంలో ఒక ప్రాణాన్నీ వదులు చేసేది.

160లోంచి 130 పోతే 30. రెండంగుళాల గొట్టం ముక్క ఒక చివర చుట్టుకొలత 30 మిల్లీమీటర్లు తగ్గిస్తే అది పాత గొట్టం అంత అవుతుంది. నాలుగు చోట్ల కోస్తే ఒక్కో చోట ఏడున్నర. ఇదంతా అల్లుడే నేల మీద పుల్లతో రాశాడు. నేను ముప్పైని నాలుగుతో భాగించమని అడగలేదు కూడా. కాగితాన్ని గొట్టం చుట్టూ చుట్టి, తీసి, రెండుసార్లు మడిస్తే నాలుగు సమానమైన గీతలు వస్తాయి. వాటిని సుద్దతో గొట్టం మీదికి ఎక్కించాం. ఒక్కో గీత దగ్గర మూతి వైపు ఏడున్నర మిల్లీమీటర్లు వెడల్పు, వెనక్కి 100 మిల్లీమీటర్లు పోయి సూదిమొనలా కలిసే ముక్కోణం. పొడుగు తక్కువైతే మలుపు నిటారు అవుతుంది, మళ్లీ గోడ సంగతే. గ్రైండరుతో నాలుగు ముక్కోణాలు కోసి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, నాలుగు రెక్కల్నీ మెల్లగా లోపలికి వంచితే మొగ్గ ముడుచుకున్నట్టు ముడుచుకుంది. అంచులు ఒకదాన్నొకటి తాకాయి. పెద్దాయన అతుకులు పూసి, పైకెత్తి వెలుతురులో చూసి, మాటాడకుండా అల్లుడి చేతికి ఇచ్చాడు. అది చాలు మాకు.

ఆ సన్న మూతికి పాత గొట్టంలోంచి కోసిన మంచి ముక్క ఒక జానెడు అతికించాం. ఇక అది పాత గొట్టంతో ఎలా కలవాలి? రెండూ ఒకే లావు, ఒకదాంట్లో ఒకటి దూరవు. అందుకే పైన తొడుగు. బయట 45, మందం ఒకటిన్నర ఉన్న గొట్టం ముక్క లోపల 42 ఉంటుంది. 41.4 గొట్టం అందులో జారుతుంది, ఊగదు. తొడుగుని కింది పాత గొట్టానికి వెల్డింగ్ చేసి, పై చివర నాలుగు చిన్న గాట్లు పెట్టాం. పైనుంచి వచ్చేది అందులోకి రెండంగుళాలు దిగుతుంది. బయట క్లాంపు. వెల్డింగ్ లేదు. రేపు సైలెన్సర్ విప్పాలంటే ఒక్క నట్టు వదులు చేస్తే చాలు.

దుకాణంలో చవగ్గా దొరుకుతుందని తొడుగుకి బోరుబావి జి.ఐ. పైపు ముక్క ఎవరో తెచ్చి ఇవ్వబోయారు. దాని మీద జింకు పూత ఉంటుంది. వెల్డింగ్ మంటకి అది తెల్లటి పొగై పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం తెప్పిస్తుంది. మలేరియా అనుకుని మాత్రలు మింగినవాళ్లు కూడా ఉంటారు. నల్ల ఇనుప గొట్టమే వాడాలి.

ఇంకొక సంగతి పెద్దాయన నేర్పాడు, ఇది నా పుస్తకాల్లో లేదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, స్టార్ట్ చెయ్యగానే ఒక పక్కకి ఒరుగుతుంది. గొట్టం మాత్రం ఛాసిస్‌కి వేలాడుతుంది. ఇంజను ఊగితే గొట్టం ఊగదు, నలిగేది మధ్య అతుకు. దానికి తోడు వేడి. మీటరు పొడుగు ఇనుప గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అయిదు మిల్లీమీటర్లు సాగుతుంది, ఈ లెక్క మాత్రం నాది. రెండు చివరలా కదలకుండా బిగించిన గొట్టం ఆ అయిదు మిల్లీమీటర్లనీ ఎక్కడ పెట్టుకుంటుంది? అందుకని హెడర్‌కీ మా మూడో ముక్కకీ మధ్య ఆయన ఒక మెత్తని గొట్టం పెట్టించాడు, లోపల ఉక్కు ముడతలు, పైన ఉక్కు తీగ అల్లిక, ఆటో స్పేర్స్ దుకాణంలో దొరికేది. మొత్తం పనిలో ఖరీదైన వస్తువు అదొక్కటే. మా తమ్ముడు గొణిగాడు. నేను కొన్నాను.

హెడర్ మూతికి మూడు బోల్టుల ఫ్లాంజి ఉంది. దానికి జోడు కావాలి. ఫ్లాంజి మీద కాగితం పెట్టి బొగ్గు రుద్దితే చిల్లులు అచ్చు పడ్డాయి, పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతారే, అలా. ఆ అచ్చుని మందపాటి ప్లేటు మీద అంటించి కోశాడు. మధ్యలో ప్యాకింగు. నట్లు ఇత్తడివి వేశాం, ఇనుపవి ఆ వేడికి పట్టేసి విప్పేటప్పుడు బోల్టునే తెంపుతాయి.

వెల్డింగ్ అంతా జీపుకి దూరంగా, గొట్టాలు విప్పి నేల మీద పెట్టే చేశాం. జీపు మీద కేవలం చుక్కలు పెట్టి గుర్తులు వేసుకోవచ్చు కదా అని చాలా షెడ్డుల్లో చేస్తారు. ఈ పాత జీపుల్లో పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉంటుంది. గుర్తులకి సుద్దముక్క చాలు.

సాయంత్రం బిగించి స్టార్ట్ చేశాం. పొగ కారుతోందో లేదో చూడటానికి ఇంజను వేడెక్కక ముందే, చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. ఒకరు తడిగుడ్డ మడతపెట్టి తోక గొట్టాన్ని సగం మూసి పట్టుకోవాలి, ముఖం పక్కకి తిప్పుకుని. లోపల ఒత్తిడి పెరిగి, కారే చోటు ఉంటే అక్కడ బయటపడుతుంది. సబ్బు నీళ్లు లేవంటే నేను పక్కింట్లో అడిగి గుప్పెడు కుంకుడుకాయలు నానబెట్టి చిలికి తెచ్చాను. ఆ నురగ అతుకులన్నిటికీ రాశాడు అల్లుడు. క్లాంపు దగ్గర ఒకే ఒక్క బుడగ ఉబ్బింది. అర చుట్టు బిగించాడు. బుడగ ఆగిపోయింది. ఫ్లాంజి దగ్గర ఏమీ లేదు, ముడతల గొట్టం దగ్గర ఏమీ లేదు.

మర్నాడు ఇంజను పూర్తిగా చల్లారాక హెడర్ నట్లు మళ్లీ బిగించాం, మధ్యవి ముందు, చివరివి తర్వాత. కొత్త ప్యాకింగు మొదటి వేడికి నలిగి కూర్చుంటుంది, అప్పుడు నట్లు వదులవుతాయి. ఈ రెండో బిగింపు మానేసినవాళ్లే ప్యాకింగు మంచిది కాదని దుకాణదారుని తిడతారు.

తోక గొట్టం సంగతి కూడా చూడాలి. అది జీపు వెనక అంచు లోపలే ఆగితే, ఎంత బాగా అతికినా పొగ మళ్లీ లోపలికే వస్తుంది. నడిచే బండి వెనక గాలి సుడి తిరిగి ముందుకి లాగుతుంది. వెనక పరదా సగం ఎత్తి, పక్కవి మూసి పోతే ఇంకా ఎక్కువ లాగుతుంది. మాది అంచుకి లోపల నాలుగు వేళ్లు ఉంది. ఆ జానెడు ముక్క అతికించి బయటికి తెచ్చాం. అడుగు చిల్లులకి రేకు ముక్కలు రివెట్లు కొట్టాం. నిలబడిన జీపులో ఇంజను నడుస్తుండగా పరదాలు దించుకుని కూర్చోవద్దని మా వాళ్లకి కోయలో చెప్పాను. వాన పడితే ఏం చెయ్యాలి అన్నారు. ఇంజను ఆపేసి కూర్చోండి అన్నాను. మళ్లీ స్టార్ట్ కాకపోతే అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ బ్యాటరీ అలాంటిది.

టీచర్లకి ఒక మాట. మన పిల్లలకి లెక్కలు రావని మన స్టాఫ్ రూముల్లోనే అంటారు, మనవాళ్లు కూడా అంటారు. మా అల్లుడు పరీక్షలో రాయలేక వదిలేసిన చుట్టుకొలత లెక్కని వెల్డింగ్ షెడ్డు నేల మీద పుల్లతో చేశాడు. పరీక్షలో వృత్తానికి లోపల ఏమీ లేదు, ఇక్కడ పొగ ఉంది. నేను ఆ మూడో ముక్కకి కాగితంతో నమూనా చేసి బడిలో పెట్టాను. నాలుగో తరగతి పిల్లలకి దారంతో వెదురు ముక్కల చుట్టుకొలతలు తీయిస్తున్నాను, పేర్లు కోయలో, అంకెలు తెలుగులో. పైతో భాగించడం వాళ్ల తరగతిది కాదు, అయినా “అడ్డం కన్నా చుట్టూ మూడు రెట్లు, ఇంకొంచెం” అని వాళ్లే కనిపెట్టారు. ఆ “ఇంకొంచెం” ఎంతో పై తరగతి టీచరు చెబుతారులే అన్నాను.

అల్లుడు సప్లిమెంటరీ కట్టాడు. పాసైతే ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కావాలంటున్నాడు, వాళ్ల నాన్న పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చెయ్యమంటున్నాడు. ఇంట్లో ఇంకా తేలలేదు. ఈలోగా ఆదివారాలు పెద్దాయన షెడ్డుకి పోతున్నాడు. కిందటి నెల ఎవరిదో ట్రాక్టరు గొట్టం కొలవడానికి నా దారం అడిగి పట్టుకుపోయాడు.

మా జీపుకి ఆ అతుకు పెట్టి రెండు వానాకాలాలు దాటింది. మూడో ముక్క మీద తుప్పు వచ్చింది, చిల్లు పడలేదు. మొన్న సైలెన్సర్ వేలాడే రబ్బరు తెగితే పాత టైరు అంచు కోసి రెండు చిల్లులు పెట్టి వేశారు. తీగతో కట్టేద్దామన్నాడు మా తమ్ముడు. తీగ సాగదు, రబ్బరే వెయ్యమన్నాడు అల్లుడు.